ఇదివరకే గారి ఎన్నిక

పళ్లు తోముకునే బ్రష్షు నోట్లో ఉండగానే అతను ఇద్దరిని సాగనంపాడు. ఒకరు కుళాయి కారుతోందని అడిగారు, ఇంకొకరు ఫ్యాను కిర్రుమంటోందని. రెండింటి కిందా బొటనవేలితో తన ఎప్పటి వాక్యాన్నే అతికించాడు: "ఈ ప్రశ్న ఇదివరకే అడిగారు." పాత జవాబుకు పోయే లింకొకటి తగిలించి, కొత్త ప్రశ్నకు తాళం వేసి, నురగ ఉమ్మేశాడు. అద్దంలో బట్టతల, కళ్ల కింద సంచులు, గడ్డం మీద పేస్టు మరక కనిపించాయి. ఎడమ భుజం లాగుతోంది. ఫోను ఎప్పుడూ ఆ చేత్తోనే పట్టుకుంటాడు గనక అందుకే అయుంటుందనుకున్నాడు.

ఫోనులో ఉన్నది ఇంటి మరమ్మతుల వేదిక. ఎక్కడెక్కడి వాళ్లో తమ ఇళ్లలో పాడైన వస్తువుల గురించి అందులో అడుగుతారు, తీరిక ఉన్నవాళ్లు చెబుతారు. జీతం లేదు, కుర్చీ లేదు, కప్పు టీ అయినా లేదు. అయినా దానికొక పాలకమండలి, ఆ మండలికొక నిబంధనావళి, నిబంధనావళిని సవరించడానికొక ఉపసంఘం ఉన్నాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటి చోటు చూసే పుట్టి ఉంటుంది. బల్బు మార్చాలంటే మనిషిని పిలిపించుకునే వాళ్లు ఆ ఉపసంఘంలో కామా ఎక్కడ పెట్టాలని నెలల తరబడి కొట్టుకున్నారు.

అక్కడ అతని పని అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగిన వాళ్లను పట్టుకోవడం. ఆ పని ఎవరూ అతనికి అప్పగించలేదు. ఏళ్ల క్రితం తనంతట తానే ఎత్తుకున్నాడు, దించమన్న వాళ్లూ లేరు. తక్కిన సభ్యులు వెటకారానికి 'ఇదివరకే గారు' అని పిలిస్తే అతను దాన్ని బిరుదు కింద జమ కట్టుకుని, తన పేరు తీసేసి అదే పెట్టుకున్నాడు. వేదికలో అతని అసలు పేరు తెలిసినవాడు ఒక్కడూ లేడు.

ఇవాళ పాలకమండలి ఎన్నికల ఆఖరి రోజు. ఖాళీలు మూడు, పోటీదారులు నలుగురు. అంటే ఓడేది ఒక్కరే, ఆ ఒక్కరెవరన్నదే ఎన్నిక. రిటైరైన ప్రిన్సిపాలు ఒకాయన ఉన్నాడు, "మిత్రులారా" అని మొదలుపెట్టకుండా చీపురు గురించి కూడా రాయలేడు. నిబంధనావళి కంఠతా వచ్చిన లాయరు ఉన్నాడు. గోడల రంగుల గురించి ఓపిగ్గా చెప్పే ఒకావిడ ఉంది, ఆమెను అందరూ పిన్నిగారంటారు. నాలుగోవాడు ఇతను. ఓట్లు ఎవరికెన్ని పడ్డాయో అందరికీ కనబడుతుంటుంది, సాయంత్రం దాకా ఎవరి ఓటు వాళ్లు మార్చుకోవచ్చు. పోయినసారి ఓడింది ఇతనే. ఈ ఉదయానికీ అట్టడుగున ఉన్నది ఇతనే.

ఇదంతా ఎందుకు కావాలని అడిగితే చెప్పలేడు. కానీ కావాలి. ఇంట్లో, ఆఫీసులో, వీధిలో ఇంతవరకు ఎవరూ అతన్ని దేనికీ ఎన్నుకోలేదు. పది మంది కలిసి "నువ్వే ఉండు" అనడం ఒక్కసారి వినాలని ఉంది. ఆ కోరిక తప్పు కాదు. దాని కోసం అతను ఎంచుకున్న మార్గమే తప్పు. జనాన్ని గుమ్మంలోంచి తరిమేసి, ఆ జనాన్నే ఓటు అడుగుతున్నాడు.

వంటింట్లోంచి భార్య పిలిచింది. చిన్నపిల్లల బడిలో టీచరు ఆమె, బయలుదేరే హడావుడిలో ఉంది. సింకు దగ్గర కుళాయి సరిగ్గా మూసుకోవడం లేదనీ, కింద పెట్టిన బకెట్టు నిండిపోతోందనీ అంది.

"ఇదివరకే చెప్పావుగా," అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా.

"చెప్పాను. అందుకే ఇంకా కారుతోంది," అంది ఆమె, బకెట్టు గుమ్మరించి ఖాళీది పెడుతూ.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. ఇతనికి బయట పల్లకీ కూడా లేదు, పల్లకీ ఎక్కిస్తారేమోనన్న ఆశ మాత్రం ఉంది.

బస్సులో ఉండగా ఆ ప్రశ్న వచ్చింది. అభ్యర్థులను ఎవరైనా ఏదైనా అడగొచ్చు, వాళ్లు అందరి ముందూ జవాబివ్వాలి. 'పాత కుక్కరు' అనే సభ్యుడు అడిగాడు. చలికాలంలో ఒకామె హీటరులోంచి కాలిన వాసన వస్తోందని రాసింది, ఇంట్లో పసిపిల్ల ఉందని కూడా రాసింది. ఇదివరకే గారు క్షణంలో తాళం వేశారు. ఆయన చూపిన పాత జవాబు వేరే రకం హీటరుది. ఆమె మళ్లీ వేదికకు రాలేదు. "ఆమె ఏమైందో అని మీకెప్పుడైనా అనిపించిందా?"

అతను పాత పేజీ వెతికి తీసి చదివాడు. నిజానికి ఆ ప్రశ్నను పూర్తిగా చదవడం అదే మొదటిసారి. పసిపిల్ల సంగతి మూడో వాక్యంలో ఉంది, అతను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి ఉంటాడు. "అనిపించలేదు. పొరపాటు నాదే," అని టైపు చేశాడు. కాసేపు దాని వంక చూశాడు. బస్సు మలుపు తిరిగింది. ఆ రెండు ముక్కలూ చెరిపేశాడు.

ఆ తరువాత కోపం వచ్చింది, దానితోపాటు హాయి కూడా. కోపంలో అతనికి మాటలు బాగా వస్తాయి.

పెద్దాసుపత్రిలో విచారణల కౌంటరు అతని ఉద్యోగం. గాజు పలక, దానికొక గుండ్రటి చిల్లు, చిల్లు కింద అరిగిన చెక్క బల్ల. అటు నుంచి భయపడ్డ మొహాలు వంగి అడుగుతాయి, ఇటు నుంచి అతను చూపుడువేలు ఆడిస్తాడు. ఎక్స్‌రే కుడివైపు, పిల్లల వార్డు వెనక, గుండె డాక్టర్లు మెట్లెక్కితే మొదటి అంతస్తు. ఇక్కడ తాళం వేసే వీల్లేదు, అదొక్కటే లోటు. ఒక ముసలాయన రక్తపరీక్ష ఎక్కడని అడిగి వెళ్లి, తిరిగొచ్చి, గదికి తాళం వేసి ఉంది బాబూ అన్నాడు. ఇందాకే చెప్పానుగా అన్నాడు ఇతను. ఆ గది పోయిన వారమే మార్చారు. మార్చిన సంగతి అతని వెనక గోడ మీదే అంటించి ఉంది. అతను మాత్రం పొద్దుటి నుంచీ బల్ల కింద ఫోను పెట్టుకుని జవాబు రాస్తున్నాడు.

పెద్ద జవాబు. నియమం ఏమిటి, దాన్ని ఎవరు పెట్టారు, తాను ఇన్నేళ్లూ తుడవకపోతే వేదిక ఏ చెత్తకుప్ప అయ్యుండేది, 'పాత కుక్కరు' అనేవాడు గతంలో ఎన్నిసార్లు అడిగిందే అడిగి తలంటించుకున్నాడు. అన్నీ లింకులతో సహా. మాటకు మాట తెగులు, నీటికి నాచు తెగులు అని పెద్దలన్నారు, కానీ ఇతని దృష్టిలో మాటకు మాట చెప్పకపోతే ఓడిపోయినట్టే. ఇంతవరకు ఏ విమర్శకూ జవాబివ్వకుండా ఒక గంట గడిపింది లేదు. ఓడిన ప్రతిసారీ ఆ జవాబులే ఓడించాయని చెప్పేవాళ్లు లేరు. చెప్పినా, దానికీ జవాబిచ్చేవాడు.

ఇవాళ మాత్రం ఆలస్యమైంది. ఆఖరి వాక్యం కుదరలేదు. కుక్కరు అన్న మాట మీద ఒక చురక పెట్టాలి, ఆవిరి అనాలా విజిల్ అనాలా తేల్చుకోలేకపోయాడు. మధ్యాహ్నం కౌంటరు వెనక విశ్రాంతి గదిలో డబ్బా విప్పి రెండు ముద్దలు తిన్నాడు. చెమట పట్టింది. భుజం నొప్పి దవడ దాకా పాకింది. ఫ్యాను పెంచి, బల్ల మీద కాళ్లు చాపి, ఫోను గుండెల మీద పెట్టుకుని, విజిలే బావుంటుందని నిర్ణయించుకున్నాడు.

గది తుడవడానికొచ్చిన ఆయా రెండుసార్లు లోపలికి తొంగిచూసి, నిద్రపోతున్నాడని తలుపు దగ్గరికి వేసి వెళ్లింది. మూడోసారి లేవమని పిలిచింది. నెత్తి మీద అంతస్తులో నలుగురు గుండె డాక్టర్లున్నారు. వేలమందికి అతను ఆ మెట్లు చూపించాడు.

ఇక్కడ అతను పోయాడు, అక్కడ అతని ఓట్లు లేచాయి.

ముందు లాయరు గమనించాడు, ఇదివరకే గారు ఇంకా జవాబివ్వలేదని. ప్రిన్సిపాలు "మిత్రులారా, ఇది ఆత్మపరిశీలన" అని మొదలుపెట్టి పేజీన్నర రాశాడు. మనిషి మారాడన్నారొకరు. తప్పు తెలిసినవాడు మౌనంగానే ఉంటాడన్నారొకరు. హుందాతనం అనే మాటను ఒకరి దగ్గర ఒకరు అప్పు తెచ్చుకుని అందరూ వాడేశారు. పిన్నిగారికైతే కళ్లు చెమర్చాయట. ఆమె అలాగే రాసింది. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఈ మహానుభావులకు మనిషి చచ్చాడని తెలియక్కర్లేకుండానే కళ్లు చారెడైపోయాయి. ప్రశ్న అడిగిన 'పాత కుక్కరు' సైతం ఓటు మార్చి ఇతనికే వేశాడు, మార్చినట్టు చాటుకున్నాడు కూడా. సాయంత్రానికి ఇదివరకే గారు మొదటి స్థానంలో ఉన్నారు, ప్రిన్సిపాలు ఓడిపోయాడు.

ఇంతమంది అంతసేపు ఆ హీటరు పిల్ల గురించి మాట్లాడుకున్నా, తల్లికి ఒక్క ముక్క రాసి ఎలా ఉన్నారని అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఆమె చలికాలంలో ఆ ప్రశ్న అడిగిన మర్నాడే వీధి చివర దుకాణంలో హీటరు మార్పించుకుంది, వేదిక ఊసే మరిచిపోయింది.

ఇదివరకే గారి మూడు గదుల ఇంట్లో ఆ సాయంత్రం కుర్చీలు చాల్లేదు. భార్య తమ్ముడు, వ్యాను నడుపుతాడు, ఆసుపత్రి వాళ్లిచ్చిన సంచి పట్టుకుని వచ్చాడు. సంచిలో ఫోను ఆగకుండా మోగుతుంటే తీసి చూశాడు. వరసగా అభినందనలు. ముందు తప్పు నంబరేమో అనుకున్నాడు, తరువాత ఒక్కొక్కటే చదివాడు.

"అక్కా, బావ గెలిచాడంట," అన్నాడు మెల్లిగా.

ఆమె ఏడుపు ఆపి చూసింది. "దేంట్లో?"

అతను ఇంకాస్త కిందికి చదివాడు. ఎంత చదివినా అతనికి అంతుపట్టలేదు. "ఏమో. అందరూ నువ్వే ఉండాలి, నువ్వే ఉండాలి అంటున్నారు."

"ఇప్పుడా అనేది," అంది ఆమె. ఫోను చేతిలోంచి తీసుకుని, ఆపేసి, మంచం మీద బోర్లించింది.

కొత్త మండలి మొదటి సమావేశానికి అతను రాలేదు. వినయం అన్నారు. రెండోదానికీ రాలేదు. అహంకారమేమో అన్నారు. మూడోదానికి లాయరు నిబంధన చూపించాడు. వరసగా మూడుసార్లు రానివారి సభ్యత్వం రద్దు. ఏకగ్రీవంగా రద్దు చేసి, ఆయన సేవలకు ధన్యవాదాలు తెలిపి, ఆ ఖాళీలో ప్రిన్సిపాలును కూర్చోబెట్టారు. మనిషి ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. కుళాయి కారుతోందన్న ప్రశ్న అప్పటికి మళ్లీ వచ్చింది, ఎవరో ఓపిగ్గా మొదటినుంచీ చెప్పారు.

ఆసుపత్రి కౌంటరులో ఒకమ్మాయిని కూర్చోబెట్టారు. బావ వస్తువులు తీసుకెళ్లడానికి వచ్చిన తమ్ముడికి ఆమె డబ్బా, గొడుగు, ఒక జత చెప్పులు ఇచ్చింది. బల్ల కింద ప్లగ్గులో ఉన్న చార్జరు ఆసుపత్రిదనుకుని ఇద్దరూ వదిలేశారు. దాని తీగ మెడ దగ్గర ఒకప్పుడు తెగింది. మరమ్మతంటూ అతను సొంత చేత్తో చేసింది అదొక్కటే. తెగిన చోట నల్లటేపు వంకరటింకరగా, నాలుగైదు పొరలు ఎక్కువగానే, గట్టిగా చుట్టి ఉంది.