మెత్తని చోటు

గిన్నెలు తోమి చేతులు తుడుచుకుంటుంటే మా ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు. "ఉద్యోగం మానడం, మానకపోవడం నీ ఇష్టం. అమ్మ ఒక్కతే మంచం దిగలేదు, అంతే."

ఎప్పుడూ అంతే. గొంతు పెంచడు, వద్దనడు. పై చదువుకి వెళ్తానంటే "నీ ఇష్టం, చంటిది బెంగ పెట్టుకుంటుందేమో" అన్నాడు. నేను వెళ్ళలేదు. "వెన్నలాంటి మొగుడు, పెట్టి పుట్టావే" అంటుంది అక్క. "మావాడు నిన్ను పల్లెత్తు మాటన్నాడా?" అంటుంది అత్తగారు. అనలేదు. అడుగేసిన చోటల్లా దిగబడిపోతున్నానని ఎవరితో చెప్పుకోను? కొట్టే మొగుడైతే దెబ్బయినా చూపించేదాన్ని. నా ఏడుపుకి సాక్ష్యం కూడా లేదు. ఇవాళ మానేస్తానని సార్‌కి చెప్పేయాలి.

ల్యాబులో నా పని జున్నులా గడ్డకట్టే జెల్ పోయడం. ఒకే గాజు పళ్ళెంలో సగం మెత్తగా, సగం గట్టిగా పోస్తాను. దాని మీద చర్మం నుంచి తీసిన కణాలు వదిలి, ఎటు పాకుతాయో చూస్తాం. "వంట తెలిసిన చెయ్యి, జెల్ భలే కుదురుతుంది" అంటాడు సార్. దాని గురించి సభల్లో మాట్లాడటానికి మాత్రం మగపిల్లల్ని పంపుతాడు. అయినా ఈ పనే నా ప్రాణం.

సార్ గదికి వెళ్ళేముందు, రాత్రంతా మైక్రోస్కోపు తీసిన ఫొటోలు ఒక్కసారి వరసగా తిప్పాను. మెత్తని వైపు పడ్డ కణాలు ముడుచుకుని గుండ్రంగా ఉండిపోయాయి. వాటికి జబ్బేమీ లేదు. కణం కదలాలంటే ముందుకు చాచి, పట్టుకుని, ఒళ్ళు లాక్కోవాలి. మెత్తని జెల్‌ని పట్టుకుంటే జెల్లే ఊడిగం చేస్తున్నట్టు వెంట వచ్చేస్తుంది, కణం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సరిహద్దులో ఉన్న ఒకటి కొస చాచి గట్టి వైపు ఆనించింది. తర్వాతి ఫొటోల్లో అది సాగి సాగి, మొత్తం అటు వెళ్ళిపోయింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఫోన్ మోగింది. "చెప్పేశావా?"

"లేదండీ. మానను."

"నీ ఇష్టమేలే. అమ్మ మాత్రం..."

"నా ఇష్టం ఇదే. పొద్దున అత్తయ్యని మీరు చూసుకోండి, సాయంత్రం నేను చూసుకుంటా."

ఆయన గొంతు పెరిగింది.

"వేషాలా? మానేయమంటే మానేయ్. నేను చెప్తున్నా."

ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి కాలికి గట్టి నేల తగిలింది.

"మానను" అన్నాను.