వెనక చక్రాల మీద బరువు

వాన వెలిసిన ఎర్రమట్టి మీద నాలుగు గీతలు.

రెండు ముందు చక్రాలవి. తిన్నగా ఉన్నాయి.

రెండు వెనక చక్రాలవి — పక్కకు జారి, తిరిగి వచ్చి, మళ్లీ జారి... తడి నేల మీద పాము పాకినట్టు.

పెనుకొండ కోట కొండ కింద, మలుపులో, ఆదినారాయణ కారు దిగి ఆ గీతల్ని చూస్తూ నిలబడ్డాడు. ఇంకొక్క మూర జారి ఉంటే పక్కనున్న గండిలోకే.

వెనక సీట్లో అతని భార్య రుక్మిణమ్మ దుప్పటి కప్పుకుని ఉంది. అద్దం దించి అడిగింది.

"ఏమైంది?"

"ఏం లేదు. బురద."

బురదే. వానలు ఎప్పుడూ పడేవే. మలుపు ఎప్పుడూ ఇక్కడ ఉండేదే.

కారు మాత్రం ఇంతకు ముందు ఇలా జారేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు అమ్మేసిన కారు అది. ఎనిమిది సిలిండర్లు. ధర్మవరంలో అంత బలమైన కారు ఇంకొకటి లేదు. ఇంజను ముందుంది. తోసేవి వెనక చక్రాలు. బరువంతా ముందు, బలమంతా వెనక. ఆ బలం నేలను పట్టుకోవాలంటే వెనక ఎవరైనా కూర్చోవాలి.

రుక్మిణమ్మ కూర్చునేది.

ముందు సీట్లో మొగుడి పక్కన కూర్చుంటే ఊరు నవ్వుతుందని, కారు కొన్న కొత్తలో వెనక కూర్చుంది. తర్వాత అదే అలవాటైంది. నిండైన మనిషి. ఎక్కగానే చక్రాల మీద బరువు మోసే కమాను కట్టలు ఒకసారి మూలిగేవి. కారు కొంచెం కుంగేది. ఆమె నవ్వేది.

"నేనెక్కితేనే మీ గుర్రం కుదురుగా పోతాది."

నిజమే. ఎన్ని వాగులు, వంకలు దాటింది ఆ కారు... ఎన్ని వానల్లో.

ఉగాది వెళ్లాక ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది.

అప్పటి నుంచి బేస్తవారం బేస్తవారం హిందూపురం ప్రయాణం. ఆసుపత్రిలో సూది. వారం తప్పితే ఆ నొప్పిని ఆమె తట్టుకోలేదన్నాడు డాక్టరు. వాన రానీ, వంక రానీ, బేస్తవారం తప్పకూడదు.

ఆసుపత్రిలో ఆమెను తూకం మిషను ఎక్కిస్తారు. ఆదినారాయణ ఆ ముల్లు వైపు చూడడు. కిటికీలోంచి వేపచెట్టును చూస్తాడు. దాని కింద కట్టేసిన మేకను చూస్తాడు.

ముల్లు చూడకపోయినా తెలుస్తూనే ఉంది.

కారు చెబుతూనే ఉంది.

మొదట కమాను కట్టలు మూలగడం మానేశాయి. తర్వాత వంక ఇసుకలో వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. ఆ రోజు గొర్రెలు తోలుకుపోతున్న హనుమంతప్ప అనే మనిషి, పేరు కూడా అడగకముందే, భుజం మీది గొంగడి తీసి చక్రం కింద పరిచాడు. చక్రం దాన్ని చింపుకుంటూ పైకెక్కింది.

"గొంగడి పోతే ఇంగోటి నేసుకుంటా పోప్పా. ఆయమ్మను వానలో కూచోబెట్టుకోని యాడ నిలుస్తావు!"

లోకంలో ఇటువంటి వాళ్లూ ఉన్నారు. దాన్ని తలచుకుంటూ ఆదినారాయణ ఆ వారమంతా గడిపాడు.

ఆ తర్వాతే ఈ మలుపు. ఈ నాలుగు గీతలు.

మర్నాడు అతను ఒక్కడే పెనుకొండ వచ్చి, ముత్యాలప్ప షెడ్డులో కారు పెట్టాడు. ఆ దోవన పోయే బస్సులన్నిటికీ ముత్యాలప్పే వైద్యుడు.

"ఏం సామీ, నీ గుర్రం ఎనక కాళ్లు జాడిస్తాండాదంట?"

"జారుతోంది ముత్యాలప్పా. ఏదైనా చెయ్యి."

ముత్యాలప్ప చేశాడు. అరిగిన టైర్లు తీసి లోతు గాట్లున్నవి వేశాడు. వాటిలో కొంచెం గాలి తీశాడు, మెత్తబడితే నేలను కరుచుకుంటాయని. బిర్రుగా ఉన్న కమాను కట్టల్లో ఒక్కో పట్టీ సడలించాడు. బురదలో రెండో గేరుతో కదిలించు, యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా ఆనించు అన్నాడు.

అయినా షెడ్డు ముందరి తడి నేల మీదే తోక ఊగింది.

"తోకలో బరువు లేదు సామీ. అమ్మని గాని ముందర కూచోబెట్టుకుంటాండావా ఏంది?" నవ్వుతూ అన్నాడు.

అని, వెనక తలుపు తీశాడు. దిండు. మడిచిన దుప్పటి. వాంతికి పెట్టుకున్న గిన్నె.

నవ్వు ఆపేశాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఏమీ అడగకుండా తనే పోయి గుండ్రాళ్లు ఎత్తుకొచ్చి, డిక్కీలో గోనెపట్టా కింద పెట్టాడు.

ఆమెకు కనపడని చోట.

ఆదినారాయణకు కావలసిందీ అదే. తను కోలుకుంటున్నానని ఆమె నమ్ముతోంది. నమ్ముతున్నంత కాలం ఒక ముద్ద తింటోంది. నీ బదులు రాళ్లు పెట్టుకున్నానని ఆమెకు ఎలా చెప్పడం?

బేస్తవారం వచ్చింది. వానా వచ్చింది.

వంకలో చక్రాలు ఇసుకను పట్టుకున్నాయి. తిన్నటి దోవలో కారు కుదురుగా పోయింది. అతను గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

మలుపు వచ్చింది...

తోక విసిరింది. మునుపటికంటే ఎక్కువగా. స్టీరింగు అటు తిప్పి, ఇటు తిప్పి, ఎలాగో గండి అంచున నిలబెట్టాడు.

అనంతపురం కాలేజీలో చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. తాడు చివర కట్టిన రాయి. ఇరుసుకు అవతల వేలాడే బరువు మలుపులో తోకను ఇంకా దూరం విసురుతుంది. బరువు ఉండాల్సింది ఇరుసు మీద. అంటే వెనక సీట్లో.

అంటే ఆమె పక్కన. ఆమె కళ్లెదుట.

"డిక్కీలో ఏంది అది?" అంది రుక్మిణమ్మ.

"సామాను."

"సామాను ఉరుముతాదా?"

వాన. కారు పైకప్పు మీద వాన.

"రాళ్లు కదా. నా కోసరమేనా?"

అతను స్టీరింగు మీది నుంచి చేతులు తీయలేదు.

"పెండ్లినాటి రుక్మిణమ్మ కావాలంటే ఎన్ని రాళ్లు పడతాయబ్బా!"

అతని భుజాలు కదిలాయి. ఏడుపు గొంతు దాటి వచ్చేసింది. ఆమె ఏమీ విననట్టు కిటికీ వైపు తిరిగి, ఎక్కించి ఉన్న అద్దాన్నే మళ్లీ ఎక్కించుకుంటూ కూర్చుంది. అది ముగిసేదాకా.

తర్వాత మెల్లగా అంది.

"పెరట్లో నా రోలు ఊరికే పడుండాది. దాన్ని తెచ్చి నా పక్కన పెట్టండి. నేను పట్టుకుంటా."

ఆ వైపు ఇళ్లల్లో రోలును ఊరికే కదిలించరు. మరుసటి బేస్తవారం పొద్దున రుక్మిణమ్మ గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. రోటికి పసుపు రాసింది. కుంకుమ పెట్టింది. తన పాత నేత చీర దాని చుట్టూ చుట్టింది. ఆదినారాయణ, సేద్యగాడు ఉలిగప్ప కలిసి దాన్ని ఎత్తి వెనక సీట్లో పెట్టారు.

కమాను కట్టలు మూలిగాయి.

ఎన్ని నెలలైంది ఆ చప్పుడు విని...

"చూస్తివా ఉలిగప్పా, ముసలితనంలో మీ సామి నాకు సవతిని తెచ్చినాడు. నాకంటే బాగా తిని ఉండాది."

ఉలిగప్ప నవ్వాలో వద్దో తెలియక తల వంచుకున్నాడు.

ఆ రోజు మలుపులో కారు జారలేదు. అద్దంలో అతనికి కనిపించింది — రోటి మీద ఆమె చెయ్యి. నిద్రపోయే బిడ్డ మీద వేసినట్టు.

హిందూపురంలో డాక్టరు చాలాసేపు చూశాడు. ఈసారి తూకం మిషను ఎక్కించలేదు. ఇంటికి వద్దు, ఇక్కడే ఉండనీయండి అన్నాడు.

ఆడవాళ్ల వార్డు. మగవాళ్లు ఉండకూడదు. అగళి నుంచి ఆమె చెల్లెలు ఈరక్క వచ్చింది, తోడుకు. ఇంటి నుంచి బట్టలు, ఆమె దిండు తేవాలి. అతను లేచాడు.

రుక్మిణమ్మ చెయ్యి ఊపి దగ్గరికి పిలిచింది.

"రోలు ఈడ దించేస్తారేమో. దించొద్దండి. తిరిగి పోయేటప్పుడు ఎనక ఎవరుండారు మీకు?"

దోవంతా వాన. ఎర్రమట్టి వాసన. వెనక సీట్లో చీర కట్టుకున్న రోలు.

మలుపు వచ్చింది. అతను కాలు మెల్లగా ఆనించాడు. రెండో గేరు. కారు ఒక్క వేలెడు కూడా పక్కకు పోలేదు. పచ్చగడ్డి మీద ఆవు నడిచినంత నెమ్మదిగా తిరిగింది.

ఆపాడు. దిగాడు. వెనక తలుపు తీసి, రోటి మీది నుంచి జారిన చీర కొంగును సరిచేశాడు. తడవకుండా తలుపు వేశాడు.

అప్పుడు వెనక్కి చూశాడు.

ముందు చక్రాలు పోయిన జాడలోనే వెనక చక్రాలు నడిచి వచ్చాయి. పాము లేదు. వంకర లేదు.

ఎర్రమట్టి మీద రెండే గీతలు...

వాన వాటిని నింపుతూ ఉంది.