పాలు కాచుకోని ఎముకలు

మా ఊరి పెద్ద సాగింబై, తాను కూస్తేనే తెల్లవారుతుందనుకునే కోడిపుంజు రకం. ఒక ఏడు నారిన్ కొండల్లోని మా ఊళ్లో పదకొండు మందికి పచ్చిపాల జ్వరం వచ్చింది. తర్వాతి ఏడు ఆరుగురికే. మధ్యలో ఆయన చేసిందల్లా "పాలు కాచి తాగండి" అని తన ఫొటోతో గోడలకు కాగితాలు అంటించడం. ఇంకేం, విందన్నాడు. మా ఆచారం ప్రకారం విందుకి గుర్రాన్ని కోద్దామంటే సభలో అందరూ చేతులెత్తారు. జపర్కుల్ తాత కూడా ఎత్తాడు. తీరా చూస్తే కోసేది ఆయన గుర్రాన్నే.

"ఎవరిదో చెప్పకుండా ఎత్తమంటే ఎత్తనా మరి?" అని నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. ఆ ఎర్రగుర్రం తప్ప ఆయన్ని పలకరించే ప్రాణి లేదు. ఊళ్లో జబ్బులు లెక్కపెట్టే ఉద్యోగం నాది. లెక్క తేలకుండా కోత ఏమిటని నాకూ మండింది.

విందు రోజు పొద్దున్నే సాగింబై గుడారానికి వెళ్లి, పిల్లలు ఆడుకునే గొర్రె మడమ ఎముకలు పదిహేడు కంబళి మీద పోశాను.

"రెండేళ్లకీ కలిపి పదిహేడు మంది. జబ్బులో ఏ మార్పూ లేదనుకుందాం. అప్పుడు ఒక్కో మనిషికీ కిందటేడు వచ్చిందా, ఈ ఏడు వచ్చిందా అన్నది ఎముక పడ్డట్టే. బోర్లా పడితే కిందటేడు, వెల్లకిలా పడితే ఈ ఏడు. నిలబడితే మళ్లీ వెయ్యండి."

మొదటిసారి ఎనిమిది వెల్లకిలా పడ్డాయి. తర్వాత పది. సాగింబై మీసం మెలేశాడు. ఆ తర్వాత ఆరే పడ్డాయి.

"పెద్దాయనా, ఈ ఎముకలేమైనా మీ ఫొటో చూసి పాలు కాచుకున్నాయా?"

విందుకొచ్చిన జనమంతా గొల్లున నవ్వారు. ఆయన పౌరుషంగా సాయంత్రందాకా వేస్తూనే ఉన్నాడు. ఐదారుసార్లకొకసారి ఆరో, అంతకంటే తక్కువో పడుతూనే ఉన్నాయి.

"ఇంత మామూలుగా పడేదానికి గుర్రాన్ని కోస్తారా? మీ వల్ల తగ్గలేదనట్లేదు. మీ వల్లే తగ్గిందని తేలలేదంటున్నా. పాలు మాత్రం కాచండి" అన్నాను. చివరి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. గుర్రాన్ని వదిలేశారని తాత అప్పటికే దాని మెడ కావిలించుకుని ఏడుస్తున్నాడు.

మరుసటి ఏడు తొమ్మిది మంది ఆ జ్వరాన పడ్డారు. సాగింబై ఎముకల సంచీతో పరిగెత్తుకొచ్చాడు.

"డాక్టరమ్మా, ఇదీ ఏదో అలా పడిందే కదా? నా తప్పేం లేదు కదా?"

"కావచ్చు" అన్నాను పళ్లు కొరుకుతూ. "పదండి, తొమ్మిదో ఆయన్ని చూసొద్దాం."

తొమ్మిదో ఆయన జపర్కుల్ తాత. మందులు పడుతున్నా కీళ్ల నొప్పులతో మూలుగుతున్నాడు. గుర్రం గుమ్మంలోంచి తల దూర్చి చూస్తోంది. మంచం పక్కన పచ్చిపాల గిన్నె.

"ఇంకా కాచట్లేదా తాతా?"

"కాచినా కాచకపోయినా ఒకటేనని నువ్వే తేల్చావుగా తల్లీ."

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. తేలలేదన్నాను గాని, ఒకటేనని ఎప్పుడన్నాను! గిన్నె సాగింబై చేతిలో పెట్టి పొయ్యి చూపించాను. రాజేయడానికి ఏమీ దొరక్క ఆయన గోడ మీది కాగితం పీకి, తన మొహం మాడుతుంటే చూస్తూ పొయ్యి అంటించాడు. పాలు పొంగేదాకా ఇద్దరినీ కదలనివ్వలేదు.