దూది తల వంచితే

చెక్కపెట్టెలోంచి పాత గోనెసంచి ముక్క తీసి పెరట్లో దులుపుతోంది షైనీ. పెట్టె అడుగున గోలీల్లా ఎండిన పెంటికలను చీపురుతో ఎత్తి పుదీన పాదులో పోసింది. ఆమె కాళ్ల చుట్టూ దూది గంతులు వేస్తోంది. ఆ తెల్ల కుందేలును నారాయణఖేడ్ అంగడిలో కొని తెచ్చింది షైనీనే, అక్క చనిపోయాక ఆమె కూతురు గ్లోరీ కోసం.

దసరా వెళ్లగానే ఈ పక్క ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. పిల్లల్ని అమ్మమ్మల దగ్గర దింపి, పెద్దవాళ్లు చెరుకు కొట్టడానికి వెళ్తారు. కోతలు అయిపోగానే వచ్చి తీసుకుపోతారు. గ్లోరీ తండ్రి తిమోతి కూడా భార్య పోయిన నెలలోపే నాలుగేళ్ల పిల్లను అత్తగారింట్లో దింపి బీదర్ వైపు వెళ్లాడు. కోతలు అయిపోయాయి. తిమోతి రాలేదు. మరుసటి ఏడాది కోతలూ అయిపోయాయి.

ఆ రోజుల్లో గ్లోరీ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకునేది. కొత్తగా వచ్చిన దూదీ అంతే. షైనీ ఇద్దరినీ ముట్టుకోలేదు. పెట్టె పక్కన నేల మీద కూర్చుని తన మానాన తాను కొత్తిమీర ఏరుకునేది. ఒకరోజు దూది వచ్చి ఆమె మడమకు ముక్కు ఆనించి పారిపోయింది. ఇంకోరోజు అది ఆమె ముందుకొచ్చి, గదుమ నేలకు ఆనించి తల వంచింది. ఎందుకో తెలియకుండానే షైనీ దాని నుదుటి మీద వేలితో నిమిరింది. దూది కళ్లు సగం మూసి, నూకలు నములుతున్నట్టు పళ్లు మెల్లగా కదిపింది. గ్లోరీ తలుపు చాటు నుంచి చూస్తోంది.

కొన్నాళ్లకు దూది ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, కాళ్లు చాపి పడిపోయింది. అప్పుడు నోరు విప్పింది గ్లోరీ.

"చిన్నమ్మా, సచ్చిపోయిందా?"

"లేదు బిడ్డా. ఇగ ఏ భయం లేదనుకుంటె గట్లనే పండుకుంటది."

ఆ రాత్రి గ్లోరీ షైనీ పక్కన అలాగే కాళ్లు చాపి పడుకుంది.

ఈరోజు పొద్దుటి బస్సుకు తిమోతి వచ్చాడు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడట. చక్కెర ఫ్యాక్టరీలో కాపలా పని, ఉండడానికి గది ఇచ్చారట. రాగానే గ్లోరీని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పిల్ల కదల్లేదు.

"సూడు అత్తా, ఎంత మంచిగ కూసున్నదో. నన్ను మర్వలే."

షైనీకి పిల్ల కాలివేళ్లు కనబడుతున్నాయి. గట్టిగా లోపలికి ముడుచుకుని ఉన్నాయి. వెల్లకిలా తిప్పి పట్టుకుంటే దూదీ ఇలాగే కదలకుండా ఉంటుంది. చూసినవాళ్లు నిద్రపోయిందంటారు. చెయ్యి పెడితే గుండె కుట్టుమిషన్‌లా కొట్టుకుంటూ ఉంటుంది.

పట్టు వదలగానే గ్లోరీ పెరట్లోకి ఉరికి పెట్టె వెనక దూరింది. తిమోతి ముఖం చిన్నబోయింది.

"గుంజుకపోను అత్తా," అన్నాడు కాసేపటికి. "సాయంత్రం బస్సు దాంక సూస్త. నా దగ్గరికి రాకుంటె ఈడనే ఉండనీ. మల్ల అడగ."

షైనీ తల్లి ఆనందమ్మ పెరట్లోకి వచ్చి గొంతు తగ్గించింది. "ఇన్నవా? నువ్వు నోరు మూస్కోని నీ పని జూస్కో. పొద్దు గూకితె పిల్ల మనదే."

షైనీ తల ఊపింది. రెండేళ్లుగా ఆమె పొద్దున లేచేది ఆ పిల్ల జడ వెయ్యడానికే.

తిమోతి పెరట్లోకి వచ్చాడు. పిల్లను నవ్వించాలని దూదిని చెవులు పట్టి ఎత్తాడు. అది గింజుకుని, చెయ్యి గీరి దూకి, వెనకకాలితో నేలను దబ్బున తన్నింది.

"కూరొండుకునేదాన్ని బిడ్డలెక్క సాకుతుండ్రు, గందుకే గింత పొగరు," అన్నాడు నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. బట్టలుతికే బండ మీద కూలబడి గీరుకున్న చేతిని చూసుకున్నాడు. "పిల్ల మొఖం సూస్తె దాని తల్లే కనబడుతుండె షైనీ. గందుకే రాలేకపోయిన."

దూది అతనికి వీపు తిప్పి కూర్చుంది. కానీ ఒక చెవి మాత్రం అతని వైపే తిరిగి ఉంది. పెట్టె వెనక గ్లోరీ కూడా వీపు తిప్పే కూర్చుంది. తండ్రి మాట్లాడినప్పుడల్లా ఆ చిన్న తల కొంచెం పక్కకు వాలుతోంది.

షైనీ అది చూడకుండా ఉంటే బాగుండేది.

"బావా, పైకెల్లి చెయ్యి పెట్టకు. గద్ద అనుకుంటది," అంది. "కింద కూసో. దాని దిక్కు సూడకు."

"సూడకుంటె ఎట్లొస్తది?"

"సూడకుంటెనే వస్తది."

వంటింట్లో ఆనందమ్మ గిన్నెను గట్టిగా కింద పెట్టిన చప్పుడైంది.

తిమోతి నేల మీద కూర్చున్నాడు. నీడ గోడ దాకా జరిగింది. దూది వచ్చి మోకాలు వాసన చూసింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. తల వంచింది.

"ఇగ ఇప్పుడు. మూతి ముందట పెట్టకు, గాడ దానికి కనబడది. పక్కకెల్లి తెచ్చి, నుదుటి మీద. చెవుల దాంక."

చెరుకాకు కోసిన గీతల చెయ్యి మెల్లగా కదిలింది.

"పండ్లు కొరుకుతుందేంది?"

"కొరుకుతలేదు. మంచిగ అనిపిస్తుందట," అంది గ్లోరీ. పిల్ల ఎప్పుడో వచ్చి నిలబడింది. కాసేపు నిలబడి తండ్రి పక్కన కూర్చుంది. ఇంకాసేపటికి అతని మోకాలి దగ్గర తల వంచింది. తిమోతి భయంగా షైనీ వైపు చూశాడు. షైనీ తన నుదురు తాకి చూపించింది.

సాయంత్రం బట్టల సంచి సర్దుతుంటే ఆనందమ్మ గోడకు తిరిగి కూర్చుంది. "నీ చేతులతోనే ఇచ్చుకుంటివి," అంది. షైనీ గౌన్లు మడత పెడుతూనే ఉంది.

"దూది?" అని అడిగింది గ్లోరీ.

"ఫ్యాక్టరీ కాడ కుక్కలుంటయి బిడ్డా," అన్నాడు తిమోతి. అతను సంచి భుజానికేసుకుని బయట నిలబడ్డాడు.

గ్లోరీ గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. నేల మీద కూర్చున్న షైనీ ముందు నిలబడి తల వంచింది. షైనీ పక్క నుంచి చెయ్యి తెచ్చి నుదుటి మీద పెట్టింది. చెవుల దాకా నిమిరింది. మళ్లీ నిమిరింది. తీయవలసింది తనేనని తెలిసినా ఆ చెయ్యి రావడం లేదు. చివరికి తీసింది.

గ్లోరీ చెప్పులు తొడుక్కుని గడప దాటింది.