మూడో కాపీ

ఆ ఆఫీసులో టైపిస్టుకు ఉన్నది ఒక్కటే నియమం. మనిషి ఏమంటే అదే కొట్టాలి, తప్పు మాట్లాడితే తప్పే కొట్టాలి. "నువ్వు దిద్దావంటే వాళ్ళ అబద్ధం నీ వ్యాకరణంలో కొట్టుకుపోతుందమ్మాయ్" అని మొదటి రోజే చెప్పాడు టోపీసారు. డిటెక్టివు అసలు పేరు తలుపు మీద రాసే ఉంది. కానీ ఎండైనా వానైనా నెత్తిమీది టోపీ తీయడు కనక అందరికీ టోపీసారే. ఆరేళ్ళుగా ఆమె జనాల దగ్గులూ నసుగుళ్ళూ కూడా వదలకుండా కొట్టింది.

అలాంటి మనిషికి ఆ మధ్యాహ్నం ఒక్క మాట దగ్గర వేళ్ళు బిగుసుకుపోయాయి.

సంగతేమిటంటే, ఆమె తమ్ముడు జైల్లో ఉన్నాడు. ఐదంతస్తుల బట్టల కొట్టులో లిఫ్టు నడిపేవాడు. కొట్టు యజమాని మేడ మీంచి పడి చనిపోయాడు. అదే రోజు పొద్దున ఆయనతో మాటామాటా అనుకున్నది వీడే కనక నేరం వీడి మెడకు చుట్టుకుంది. ఎల్లుండి తీర్పు. "నీ తమ్ముడంటే నాకూ తమ్ముడే" అంటూ అడక్కుండానే కేసు నెత్తినేసుకున్నాడు టోపీసారు. ఎంత మంచి మనిషో అని ఆ రోజు ఆమె ఇంటికెళ్ళి మరీ ఏడ్చింది.

ఇవాళ ఆ కొట్టులో వాటాదారు వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు. కేకలు విని తనూ తన డ్రైవరూ మేడ మీదికి పరిగెత్తారని అతని కథ. ఆమె తల వంచుకుని షార్ట్‌హ్యాండ్‌లో గీసుకుని, పక్క గదిలోకొచ్చి మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి కొట్టుకుంటూ పోయింది.

"మనం మేడెక్కేసరికే ఆయన కింద పడున్నాడు."

మనం!

డ్రైవరుతో వెళ్ళినవాడు "మేము" అంటాడు. ఎదుటివాణ్ణి కూడా కలుపుకుంటేనే "మనం". పాలు తాగే పిల్ల కూడా ఇక్కడ పొరబడదు. వాటాదారు మాట్లాడింది టోపీసారు కళ్ళలోకి చూస్తూ. ఆ రోజు ఆ కొట్టు గడపే తొక్కలేదని వందసార్లు చెప్పిన టోపీసారు!

యజమాని పోయిన మర్నాడు సారు చేతికి కట్టుతో వచ్చాడు. కిటికీ తలుపు పడిందన్నాడు. ఆ కట్టు మార్చింది ఆమే. నాలుగు గీతలు, గోళ్ళతో రక్కినట్టు. అయ్యో రామా, అప్పుడెందుకు తట్టలేదు! కంచే చేను మేస్తుంటే తను కంచెకు దండం పెట్టుకుంటూ కూర్చుంది. "సారు ఉన్నాడుగా అక్కా, నాకేం భయం" అన్నాడు తమ్ముడు మొన్ననే, జైలు కటకటాల వెనక నుంచి.

అద్దాల తలుపు అవతల ఆ ఇద్దరూ నవ్వుకుంటున్నారు. పారిపోదామన్నా మెట్లకు దారి ఆ గదిలోంచే.

"కానిచ్చావా అమ్మాయ్?"

"అయిపోవచ్చిందండీ."

మిగతాది కూడా చివరిదాకా కొట్టి, మిషన్‌లోంచి కాగితాలు లాగేసింది. మళ్ళీ మొదటి నుంచి రెండే కాపీలు కొట్టింది, ఈసారి "మేము" అని. కొత్తవి రెండూ పైన పెట్టి, పాత కార్బను కాపీలో ఆ మాట కింద పెన్సిలుతో గీత గీసి అడుగున దాచింది. సంతకాలకు అంచులు మాత్రమే పైకి కనిపించేలా పట్టుకుని వాటాదారు ముందు నిలబడింది.

"ఇన్ని సంతకాలేంటమ్మా, ఆస్తి రాసిస్తున్నానా?" అన్నాడు వాటాదారు. అయినా గబగబా మూడూ గీకేసి, టోపీసారుకు కన్నుగీటి వెళ్ళిపోయాడు.

తమ్ముడి తరఫు లాయరుకు ప్రతి వాంగ్మూలం కాపీ వెళ్ళాలి. ఆయన ముసలి గుమాస్తా వరండా బెంచీ మీద కునికిపాట్లు పడుతున్నాడు. ఆమె మూడో కాపీని కవరులో పెట్టి ఆయన చేతిలో కుక్కింది.

"బాబాయ్ గారూ, తొందరగా వెళ్ళండి."

"తరుముతున్నావేంటమ్మా, మంచినీళ్ళైనా తాగనీ" అని సణుక్కుంటూనే ఆయన మెట్లు దిగాడు.

తనూ దిగిపోతే సారు అనుమానపడి ఆయన వెంటపడతాడని ఆమె వెనక్కి తిరిగింది. లోపలికొచ్చేసరికి టోపీసారు మొదటి కాపీ చదువుతున్నాడు. ఒకచోట వేలు ఆగింది. నెమ్మదిగా లేచి వెళ్ళి తలుపు గడియ వేశాడు. ఆ చప్పుడుకే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆరేళ్ళలో ఎవరి మాటా దిద్దలేదు. ఇవాళ ఈ ఒక్కటీ ఎందుకు దిద్దావు?"

ఆమె చూపు గడియ మీదికి పోయింది.

"వాడు మనం అన్నాడు. నేనూ విన్నాను. నువ్వు అలాగే కొట్టుంటే, పిచ్చిపిల్ల, దీనికేం తెలుసులే అని నేనే దిద్దించేవాణ్ణి." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఇంకా భయంగా ఉంది. "పద, ముఖం పాలిపోయింది. మేడ మీద కాస్త గాలి పీలుద్దువుగాని."

భుజం మీద చెయ్యి పడింది. ఆ గీతల చెయ్యే. కాళ్ళు వాటంతటవే రెండడుగులు వేశాయి కూడా. ఇంతలో తమ్ముడి ముఖం గుర్తొచ్చింది.

"మొదట మనం అనే కొట్టానండీ" అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు.

"అదేది?"

"మూడో కాపీ. కింద ఆయన సంతకం ఉంది. లాయరుగారికి వెళ్ళిపోయింది. ఇవాళ నేను కూడా మేడ మీంచి పడితే, దాన్ని ఇంకా జాగ్రత్తగా చదువుతారు."

చెయ్యి జారిపోయింది. ఆయన కిటికీ దగ్గరకు ఉరికాడు. కింద, అందనంత దూరంలో, గుమాస్తా బస్సెక్కుతున్నాడు. తీగ చేతికందితే ఆ లాయరు డొంకంతా కదిలించకుండా వదలడని ఈయనకూ తెలుసు. వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆరేళ్ళలో మొదటిసారి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు మనం ఏం చేద్దాం అమ్మాయ్?"

ఆమె గోడ పట్టుకుని గడియ వైపు జరిగింది.

"మనం కాదండీ," అంది. "మీరు."