సముద్రపు ఇసుక

ఆ ఎలుగుబంటి బొమ్మకు ఒక చెవి లేదు, ఎక్కడో చూశానే దీన్ని, అనుకుంటూ నెరితాన్ మెడ వెనక్కి వాల్చాడు, కొత్త మేడకు దిష్టి తగలకుండా బొమ్మ కట్టడం అల్బేనియాలో అందరూ చేసేదే, కానీ ఐదంతస్తులకు అనుమతి తీసుకుని ఎనిమిది లేపిన దీనికి ఎవరి దిష్టి తగులుతుందట, కళ్ళున్న వాళ్ళంతా ఎప్పుడో మూసుకున్నారుగా, తనిఖీ ఇంజనీరని పేరేగానీ తను మాత్రం ఏం చేశాడు, పునాది రోజు చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకున్నాడు, ఉప్పు, నది ఇసుకని చెప్పి తెచ్చింది సముద్రపు ఇసుక, లోపలి ఇనుమును తినేస్తుంది, తుపుక్కున ఉమ్మి ఇది కడగలేదు కుయ్తిమ్ అంటే ఆ కాంట్రాక్టరు నవ్వి, కడుగుతూ కూర్చుంటే నాకేం మిగులుతుంది ఇంజనీరు గారూ, రండి ముందు కాఫీ తాగుదాం, ఆ కాఫీ అంటే లంచమని ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు, తాగనన్నాడు, రెండు రోజులు నిజంగానే తాగలేదు, మూడో రోజు రాజధాని టిరానా నుంచి పైవాళ్ళ ఫోను, సంతకం పెడతావా, ఇంటికెళ్తావా, పెట్టాడు.

దొంగలు, ఫ్యాక్టరీలు అమ్ముకున్నారు, రేవు అమ్ముకున్నారు, ఆఖరికి ఒడ్డున ఇసుకనూ వదల్లేదు, కమ్యూనిస్టులు పోయి స్వేచ్ఛ వచ్చిందన్నారు, అడిగేవాడు లేకపోవడమే స్వేచ్ఛ అయింది, చదువుకున్న వాళ్ళంతా ఇటలీ పడవెక్కారు, మిగిలిన మనం సంతకాలు పెడుతున్నాం, ఒళ్ళు మండిపోతోంది, ఇవాళ చివరి సంతకం, జనం కాపురం ఉండవచ్చునని, కుయ్తిమ్ కలం మూత తీసి మరీ అందిస్తున్నాడు, కానివ్వండి సార్, ఎండకు మాడిపోతున్నాం, మీ అమ్మాయి కూడా సామాను సర్దుకుని కూర్చుందట, మా అమ్మాయేమిటి, అయ్యో చెప్పలేదా, మూడో అంతస్తు తనదే, ఆ బొమ్మ కూడా తనే కట్టించింది.

ఆ చెవి, మనవరాలు సిది పళ్ళొచ్చేటప్పుడు కొరికేసిన చెవి, కూతురు మనియోలా ఒక రోజు ఫోనులో, నాన్నా, ఆ కుయ్తిమ్ మేడ మంచిదేనా, నువ్వే చూశావటగా అంటే, తను టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే, ఆఁ, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా అన్నాడు, అంతే, అంతకంటే ఒక్క ముక్క అనలేదు, కుయ్తిమ్ దొంగే, టిరానా ఫోనూ నిజమే, కానీ ఆ పిల్ల కుయ్తిమ్‌ను నమ్మి కొనలేదు, టిరానాను నమ్మి కొనలేదు, పైన కిటికీలో కర్టెన్ల కొలతలు తీసుకుంటూ కనిపిస్తున్న ఆ ముసలాయనా అంతే, ఎనిమిదంతస్తుల్లో ఏ ఒక్కరూ ఇసుక నోట్లో వేసుకుని చూడలేదు, చూడనక్కర్లేదనుకున్నారు, చూసే మనిషి ఒకడున్నాడని, నెరితాన్ కలానికి మూత పెట్టాడు, నోరంతా ఉప్పగా ఉంది, వాళ్ళందరూ నమ్మింది తననే.