ముక్కుకు కట్టిన ఇసక

కాఫీ డబ్బాతో ఇంకోసారి ఇసక తీసి బకెట్లో పోసి, నార్బర్ట్ వొయ్టెక్ ఆ బకెట్‌ని బరువు చూసుకునే మిషను మీదికి ఎత్తాడు. ముల్లు డెబ్బై ఎనిమిది దగ్గర ఊగి ఆగింది. ఇంకో మూడు పౌన్లు కావాలి. ఆ మిషను స్నానాలగదిలోంచి గరాజులోకి వచ్చి పందొమ్మిదేళ్లయింది. అప్పటినుంచీ తన బరువెంతో తనకు తెలియదని అతని భార్య ఆర్డిస్ అంటుంది. తెలియకపోవడం వల్ల ఆమెకు జరిగిన నష్టమేమీ లేదు గాని, అనే హక్కును మాత్రం ఆమె వదులుకోలేదు.

ఇసక సరిపోయాక మూడో బకెట్‌ని కూడా, గరాజులో తను కట్టుకుంటున్న విమానం ముక్కుకు బిగించిన కొయ్యకు తగిలించాడు. చేతులు మోకాళ్లకు ఆనించి, ఊపిరి అందేదాకా అలాగే వంగి ఉన్నాడు. పొట్టి మనిషి. అరవై ఎనిమిదేళ్లు. బొటనవేలి గోరు కింద ఏ సబ్బుకూ లొంగని నలుపు.

విమానం రెండు పెద్ద చెక్కపెట్టెల్లో విడిభాగాలుగా వచ్చింది. ఆ పెట్టెల చెక్కతో నార్బర్ట్ నేలమాళిగలో ఆర్డిస్ దోసకాయ ఊరగాయలకి అరలు చేసిచ్చాడు. ఆ అరలు వారంలో పూర్తయ్యాయి. విమానానికి పదకొండు వేల రివెట్లు కొట్టాడు. రెక్కలు చెరో గోడకీ వేలాడుతున్నాయి. సీట్లు కుట్టించాడు. రేకు మీద నీలం చార కూడా వేశాడు. ఇంజిన్ ఒక్కటే లేదు.

ఇంజిన్ లేని విమానానికి ముందు బరువుండదు. వదిలేస్తే తోక మీద చతికిలబడుతుంది. అందుకని ఇంట్లో విమానం కట్టుకునేవాళ్లంతా ముక్కుకు ఏదో ఒక బరువు వేలాడదీస్తారు. నార్బర్ట్ అందులోనూ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఏ ఇంజిన్ కొనాలని మనసుపడితే సరిగ్గా అంత బరువు ఇసక కడతాడు. కట్టి, ఆ అంకె బకెట్ మీద రాసి, కొన్నాళ్లు చూస్తాడు. రెండువందల నలభై అయిదు పౌన్లంటే పాతకాలపు విమాన ఇంజిన్. మొద్దుది, నమ్మకమైనది. నూట నలభై అంటే ఆస్ట్రియా నుంచి వచ్చేది, తేలిక. రెండువందలంటే చిన్నకారు ఇంజిన్‌ని తెచ్చి మార్చుకునేది. మూడో బకెట్ మీద ఈ మూడంకెలే ఒకదానికింద ఒకటి పై నుంచి కింది దాకా ఉన్నాయి, అన్నీ కొట్టేసి. అట్టడుగున మిగిలిన చోటులో ఇవాళ మళ్లీ 245 అని రాశాడు.

ఇంజిన్ ఆఖర్న కొనాలని ఆ పనిలో ఉన్నవాళ్లంతా చెబుతారు. ముందే కొంటే కూర్చున్నచోట తుప్పు పడుతుంది, ఈలోగా ఇంకా మెరుగైనది రావచ్చు. మంచి మాటే. ఆఖరంటే ఎప్పుడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇవాళ శుక్రవారం. అతనిలాగే విమానాలు కట్టే స్నేహితుడు క్లీటస్ పోయినేడు పోయాడు. ఆకాశంలో కాదు, మంచంలోనే. ఆయన కొట్టంలో ఆ 245 పౌన్ల పాతరకం ఇంజిన్ ఒకటి విప్పి, శుభ్రంచేసి, మళ్లీ బిగించి, ఉన్ని దుప్పటి కప్పి ఉంచాడు. క్లీటస్ భార్య మర్లిస్ దాన్ని ఇచ్చేయదలిచింది. మినెసోటా రాష్ట్రం నుంచి ఒకాయన రేపు ట్రెయిలర్ వేసుకుని వస్తాడట. నార్బర్ట్‌కి కావాలంటే ఇవాళ అయిదులోగా చెప్పాలి. ఇకమీద ఇంత మంచి ఇంజిన్ తనకు దొరకదని, దొరికినా ఆ బకెట్ మీద ఇంకో అంకె రాయడానికి చోటు లేదని అతనికి తెలుసు.

"ఇదిగో, నిన్నే," అంది ఆర్డిస్ వంటింటి తలుపులోంచి. "ఆరింటికి చర్చిలో చేపల భోజనం. పోయినసారిలా గ్రీజు చేతుల్తో వచ్చావంటే ఫాదర్ పక్కన కూర్చోబెడతాను."

పందొమ్మిది చలికాలాలుగా ఆరుబయటే ఉంటున్న కారు అద్దం మీది మంచు గీకి, నార్బర్ట్ పనికి బయల్దేరాడు.

ముప్ఫై ఎనిమిదేళ్లుగా అతను హార్డ్‌వేరు కొట్టులో మేకుల, బోల్టుల సొరుగుల దగ్గర నిలబడుతున్నాడు. ఊళ్లో ఎవరికి ఏ బోల్టు కావాలో వాళ్లకంటే ముందు అతనికి తెలుస్తుంది. ఆవేళ రంగు కోసం వచ్చినావిడ రెండు తెలుపు రంగుల నమూనా అట్టముక్కలు పట్టుకుని పావుగంటసేపు కిటికీ దగ్గరికీ దీపం కిందికీ తిరిగింది.

"వంటగది ఉత్తరం వైపా?" అన్నాడు నార్బర్ట్.

"అవును."

"అయితే ఎడమ చేతిలోది."

ఆమె ఎడమ చేతిలోది కొనుక్కుని సుఖంగా వెళ్లిపోయింది. ఇతరుల విషయంలో అతను ఎప్పుడూ రెండో మాట వెతుక్కోలేదు. తన సంగతి వేరు. ఇల్లు తండ్రిది. ఉద్యోగం మేనమామ ఇప్పించాడు. పెళ్లి సంగతి కూడా, మూడేళ్లు కారులో పక్కన కూర్చోబెట్టుకు తిప్పాక, "నువ్వడుగుతావా, నన్నే అడగమంటావా?" అని ఆర్డిసే తేల్చింది. కొట్టులో తీసుకెళ్లిన బోల్టు కుదరకపోతే వారంలోగా వెనక్కి తేవచ్చు. ఇంజిన్‌కి ఆ సదుపాయం లేదు. అది బిగించాక ఎగరాలి.

"ఏం నార్బ్, నీ పిట్టకి గుండె దొరికిందా, ఇంకా ఇసకేనా మేత?" అన్నాడు కొట్టు యజమాని డేల్. ప్రతి శుక్రవారం అనే మాటే. నార్బర్ట్ ప్రతి శుక్రవారం నవ్వినట్టే నవ్వాడు.

మధ్యాహ్నం పైగదిలోంచి మేకుల పెట్టె దించుతుంటే ఛాతీ మీద ఎవరో మోకాలు ఆన్చినట్టయింది. మెట్ల మీదే కూర్చున్నాడు. పొద్దున తిన్న లివర్ సాసేజి మీద నెపం వేశాడు. రెండు నెలలుగా పాపం ఆ సాసేజే అన్ని నిందలూ మోస్తోంది.

నాలుగున్నరకి కొట్టు ఫోను తీసి మర్లిస్‌కి చేశాడు. అయిదారుసార్లు మోగాక ఆమె ఎత్తింది.

"మర్లిస్, నేను. ఆ ఇంజిన్ నేను తీసుకుంటాను."

అవతల ఆమె కుర్చీ లాక్కున్న చప్పుడయింది.

"ఈ మాట క్లీట్ బతికుండగా రెండుసార్లు అన్నావు, నార్బర్ట్. రెండుసార్లూ ఆయన కొట్టం ఊడ్చి పెట్టుకున్నాడు."

"తెలుసు."

"ఆ దుప్పటి కూడా నీకోసమే కప్పాడు. నిన్ను తొందరపెట్టొద్దన్నాడు. తొందరపెట్టాల్సింది." ఆమె ముక్కు చీదుకుంది. "రేపు తొమ్మిదికల్లా రా. ఒక్క నిమిషం దాటినా మినెసోటా ఆయనకి ఇచ్చేస్తా, చెబుతున్నా."

ఇంటికి రాగానే కోటైనా విప్పకుండా నార్బర్ట్ గరాజులోకి వెళ్లాడు. రేపటికి ముక్కు ఖాళీగా ఉండాలి. మొదటి బకెట్ దించాడు. రెండోది దించాడు. మూడోది దించుతుండగా విమానం ముక్కు అతని భుజం పక్కనుంచి మెల్లగా పైకి లేచింది. తోక కింద ఆసరా పెట్టకుండా ముక్కు బరువు తీయకూడదు. ఆ పనిలో ఎవరైనా మొట్టమొదట నేర్చుకునేది అదే. పందొమ్మిదేళ్లలో మరిచిపోవడం అతనికి ఇదే మొదలు. తోక వెళ్లి ఆర్డిస్ పారేయమన్న పాత సోఫా దిండ్ల మీద ఆనింది. ముక్కు గరాజు తలుపు పైనున్న కిటికీ వైపు, సాయంత్రపు వెలుతురు వైపు తిరిగి నిలిచింది.

దాన్ని సరిచేయాలని అతనికి అనిపించలేదు. స్టూలెక్కి, విమానం తలుపు ఎత్తి, లోపల కూర్చున్నాడు. సీటు వెనక్కి వాలి ఉంది. నేల వదిలి పైకి పోయేటప్పుడు ఉండేంత వాలు.

వంటింట్లో ఆర్డిస్ చెవులకి కమ్మలు పెట్టుకుంటోంది. గరాజులోంచి పెదాలతో చేసే బుర్రుమనే చప్పుడు వినబడింది. మొదట సన్నగా, తరవాత నిబ్బరంగా. ఇలాంటివి కట్టేవాళ్లంతా లోపల కూర్చుని ఆ చప్పుడు చేస్తారని క్లీటస్ భార్య ఎప్పుడో చెప్పింది. నార్బర్ట్ చేయగా ఆర్డిస్ ఎన్నడూ వినలేదు. చేతిలో కమ్మ పట్టుకుని నవ్వుకుంది. చప్పుడు కాసేపు సాగి, తగ్గి, ఆగిపోయింది. ఎక్కడికో చేరి ఉంటాడనుకుంది.

ఆరు కావస్తుంటే తలుపు తీసి, "దిగు ఇంక. చేపలు చల్లారిపోతాయి," అంది. ముక్కు పైకెత్తి ఉన్న విమానాన్ని చూసింది. అద్దంలోంచి అతని టోపీ అంచు ఒక్కటే కనబడుతోంది. ఇంకోసారి పిలిచింది. తరవాత స్టూలెక్కి చూసింది. నార్బర్ట్ కళ్లు సగం తెరిచి కిటికీకేసి చూస్తున్నాడు. రెండు చేతులూ విమానం నడిపే కర్రమీదే ఉన్నాయి. కోటు బొత్తాలు పెట్టే ఉన్నాయి.

మర్నాడు తొమ్మిది దాటాక మర్లిస్ తిట్టడానికే ఫోన్ చేసింది. సంగతి విన్నాక, ఇంజిన్ ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచనా అని అడిగింది.

"వద్దు. ఆ మినెసోటా ఆయనకి ఇచ్చెయ్యి," అంది ఆర్డిస్.

నార్బర్ట్‌ని దించడానికి వచ్చిన ముగ్గురూ, ఆ వాలులో కుదరక, ముందు రాత్రే బకెట్లు మళ్లీ ముక్కుకు తగిలించారు. విమానం బుద్ధిగా కిందికి వంగింది. వాళ్లు పోయాక ఎవరూ వాటిని తీయలేదు. మూడో బకెట్ కాస్త ఎడంగా, తలుపు తీసినప్పుడల్లా కొంచెం ఊగుతూ ఉంటుంది, కొట్టేసిన అంకెలన్నిటికీ కింద కొట్టేయని ఒక 245తో.